టోఫు చప్పగా, రబ్బరులా వస్తోంది. ఎలా వండాలి? నిజంగా అంత మంచిదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. నాన్నగారికి షుగరు, కొలెస్ట్రాల్ ఉన్నాయని డాక్టరు పనీర్ తగ్గించి టోఫు (సోయా పాలని విరగ్గొట్టి పనీర్‌లా చేసేది) తినమన్నారు. మీరు రెండుసార్లు తెచ్చి పనీర్ బటర్ మసాలా చేసినట్టే చేశారు. ముక్కలు చప్పగా, నమిలితే రబ్బరులా ఉన్నాయని ఇంట్లో ఎవరూ ముట్టలేదు. పైగా అమ్మగారు థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు. జిమ్‌కి వెళ్ళే తమ్ముడేమో సోయా తింటే మగవాళ్ళకి హార్మోన్లు పాడవుతాయంటున్నాడు. ఇంత తంటాలు పడి తినాల్సినంత గొప్పదా ఇది అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ముగ్గురూ తినొచ్చు. అమ్మగారు మాత్రకీ టోఫుకీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉంచుకుంటే చాలు. వంట సంగతికొస్తే, టోఫుని పనీర్ అనుకుని వండటమే అసలు చిక్కు. నీళ్ళు తీయాలి, ఉప్పు పట్టించాలి, విడిగా వేపాలి, కూరలో ఆఖర్న కలపాలి. ఈ వరస తప్పితే ఎంత మసాలా పోసినా దండగే.

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌ని. కాగితం మీద "టోఫు 100 గ్రా." అని రాసిచ్చి పంపేస్తే ఇంటికెళ్ళి ఒకసారి వండి, మొహం మొత్తి, మళ్ళీ పనీరో మరోటో మొదలుపెడతారు. అందుకే ఏం తినాలో చెప్పేటప్పుడే ఎలా వండాలో కూడా చెప్పి పంపడం అలవాటైంది. ఇక్కడా అదే చేస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

పనీర్‌లో నాలుగో వంతు వరకూ కొవ్వే. పాల రుచి దానికి పుట్టుకతోనే ఉంది. ఏ గ్రేవీలో పడేసినా ఆ వెన్న రుచి కూరకి కూడా వస్తుంది. టోఫు అలా కాదు. మెత్తటి రకంలో నూటికి 85 పాళ్ళు, గట్టి రకంలో 70 పాళ్ళు నీళ్ళే. సొంత రుచి నామమాత్రం. దాన్ని ప్యాకెట్ విప్పి తిన్నగా గ్రేవీలో వేస్తే ముక్కలోని నీళ్ళు బయటికొచ్చి గ్రేవీ పలచబడుతుంది, గ్రేవీలోని ఉప్పూకారం మాత్రం లోపలికి పోదు. ఇక రబ్బరు సంగతి. సాధారణంగా అది ఎక్కువసేపు నూనెలో ఎండిపోయేలా వేపడం వల్ల వస్తుంది.

కొనేటప్పుడు రెండే చూడండి. ఒకటి, గట్టి రకమా మెత్తటి రకమా అని. జున్నులా జారిపోయే సిల్కెన్ టోఫు మన కూరలకి పనికిరాదు, దాన్ని సూపుల్లోకో స్మూతీల్లోకో వాడుకోవాలి. అమెరికాలో ఉన్నవాళ్ళు ఎక్స్‌ట్రా ఫర్మ్ అని రాసి ఉన్నది తీసుకోండి. రెండోది, వెనకాల పదార్థాల జాబితా. సోయా పాలని దేనితో విరగ్గొట్టారో అక్కడ ఉంటుంది. దాని గురించి కింద చెబుతాను, అది పోషకాలకి సంబంధించిన సంగతి.

నీళ్ళు తీసే పద్ధతి. గుడ్డలో చుట్టి పైన బరువు పెట్టి అరగంట ఉంచమని అందరూ చెబుతారు. పనిచేస్తుంది, కాదనను. కానీ పొద్దున్న బాక్సులు కట్టే ఇంట్లో అరగంట ఎవరికుంటుంది? నేను చెప్పేది ఉప్పునీళ్ళ పద్ధతి. లీటరు నీళ్ళు మరిగించి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల ఉప్పు వేసి, స్టవ్ కట్టేయండి. టోఫుని అంగుళం ముక్కలుగా కోసి అందులో వేసి పావుగంట వదిలేయండి. వేడికి, ఉప్పుకి ముక్క బిగుసుకుని లోపలి నీళ్ళు కొంత బయటికి వదులుతుంది, ఉప్పు కొంత లోపలికి పోతుంది. తర్వాత తీసి పొడి గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ వేసి అద్దండి. బీపీ ఉన్నవాళ్ళు ఉంటే ఉప్పు సగానికి తగ్గించి, కూరలో వేసే ఉప్పు కూడా ఆ మేరకు తగ్గించండి.

ఇంకో దారి ఫ్రీజర్. ప్యాకెట్టు ప్యాకెట్టే గడ్డకట్టించి, మర్నాడు బయటపెట్టి కరిగాక రెండు చేతుల మధ్య నొక్కితే నీళ్ళు ధారగా కారిపోతాయి. లోపల ఏర్పడ్డ మంచు పలుకులు కరిగి ఖాళీలు మిగులుతాయి కాబట్టి ముక్క స్పాంజిలా అవుతుంది, పులుసుని బాగా పీలుస్తుంది. మాంసం తిని మానేసినవాళ్ళకి ఈ నమిలే గుణం నచ్చుతుంది. రంగు కాస్త పసుపుపచ్చగా మారుతుంది, కంగారుపడక్కర్లేదు.

వేపడం. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఇనప పెనం పెట్టుకోండి, నాన్‌స్టిక్ అయినా పర్లేదు. పెనం బాగా వేడెక్కాక రెండు చెంచాల నూనె వేసి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరవండి. మంట మధ్యస్తంగా ఉండాలి. వేయగానే చిటపటమంటూ పెద్ద చప్పుడొస్తుంది, అది ముక్కలోని నీరు ఆవిరవుతున్న చప్పుడు. ఆ టైములో అట్లకాడ పెట్టి కదిపారా, అడుగు పెనానికి అంటుకుని పైపొర ఊడిపోతుంది. మూడు నాలుగు నిమిషాలు అలా వదిలేయండి. చప్పుడు సన్నబడుతుంది, ముక్క అంచుల్లో సన్నటి ఎర్రగీత కనిపిస్తుంది, అప్పుడు మెల్లగా తోస్తే తనే పెనాన్ని వదిలేస్తుంది. తిప్పి రెండోవైపు. నాలుగు వైపులా అక్కర్లేదు, రెండు వైపులు చాలు. లోపల మెత్తగా ఉండాలి, అన్ని వైపులా కరకరలాడేదాకా వేపితే చల్లారాక తోలులా సాగుతుంది.

ఇంకా కరకరలాడాలంటే ముక్కలకి చెంచాడు బియ్యప్పిండి, కాస్త కారం, పసుపు పట్టించి వేపండి. పెరుగులోనో నూనెలోనో రాత్రంతా నానబెట్టే పని పెట్టుకోకండి. నీళ్ళు నిండిన ముక్కలోకి నూనె చొరబడదు. నానబెట్టాలనుంటే చింతపండు రసం, నిమ్మరసం, సోయా సాస్ లాంటి నీళ్ళగా ఉండేవాటిలోనే.

ఇక ఏం వండాలి? బటర్ మసాలా జోలికి మాత్రం మళ్ళీ వెళ్ళకండి. వెన్నా, జీడిపప్పు ముద్దా, మీగడా పోసి అందులో టోఫు వేస్తే నాన్నగారికి పనీర్ మాన్పించిన లాభం ఆ గ్రేవీలోనే పోతుంది. మన వంటలు దీనికి బాగా నప్పుతాయి, ఎందుకంటే పులుపూ కారం గట్టిగా ఉంటాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను మొదట చెప్పేది పొరటు. కోడిగుడ్డు పొరటు ఎలాగో అలాగే. టోఫుని చేత్తో నలిపి, గుడ్డలో వేసి పిండి, ఉత్త పెనం మీద ఐదారు నిమిషాలు తడి పోయేదాకా వేయించి పక్కన పెట్టుకోండి. తాలింపు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేగాక ఈ పొడి కలిపి ఉప్పూకారం వేసి మరో రెండు నిమిషాలు. చిటికెడు నల్లుప్పు చల్లితే గుడ్డు వాసన కూడా వస్తుంది, దాంట్లో ఉండే గంధకం వల్ల. చపాతీలోకి, దోసె మధ్యలోకి ఇది తిరుగులేనిది.

రెండోది పులుసు. కోడిగుడ్డు పులుసులో గుడ్ల బదులు వేపిన టోఫు ముక్కలు. పులుసు చిక్కబడ్డాక ముక్కలు వేసి, సన్నమంట మీద ఐదు నిమిషాలు ఉంచి దించేయండి. రాత్రి చేసి మర్నాడు తింటే ఇంకా బాగుంటుంది. మా ఓపీకి వచ్చే ఒక పెద్దాయన, భీమవరం వైపు మనిషి, చేపల పులుసు తప్ప మరోటి ఎరగరు. గుండెకి స్టెంటు పడ్డాక ఆయన భార్య ఫ్రీజర్‌లో పెట్టి తీసిన టోఫుతో, మెంతిపొడి వేసి, చేపల పులుసు మసాలాతోనే చేశారట. "చేప కాదనుకోండి, కానీ పులుసు పులుసే" అన్నారాయన. అంతకన్నా మెప్పు నేను ఆశించను. ఆయన్ని చేప మానేయమని నేనేమీ చెప్పలేదు, చేప ఆయనకి మంచిదే. మాంసం తినే రోజులకి బదులుగా చెప్పాను.

గోంగూరలో కూడా బాగుంటుంది. ఉల్లికారం పెట్టి వేపుడు చేసినా సరే. పాలకూరలో పనీర్ బదులు వేస్తారు చాలామంది, రుచికి బాగానే ఉంటుంది కానీ పాలకూర, గోంగూర రెండింట్లోనూ ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియాన్ని కొంత పట్టేసుకుంటాయి. కాల్షియం కోసమే టోఫు తినేవాళ్ళు మెంతికూరతో వండుకోవడం మేలు.

ఇప్పుడు మంచిదా కాదా అన్న సంగతి.

గట్టి టోఫు 100 గ్రాముల్లో ప్రోటీన్ సాధారణంగా 12 నుంచి 17 గ్రాములు, మెత్తటి రకంలో 8 గ్రాముల దాకా ఉంటుంది. ఎంత గట్టిదైతే అంత ఎక్కువ, నీళ్ళు తక్కువ కదా. పనీర్‌లో 18 నుంచి 20. అంటే ప్రోటీన్‌లో పనీర్‌దే కాస్త పైచేయి, ఈ మాట దాచడం అనవసరం. తేడా కొవ్వులో ఉంది. అదే 100 గ్రాముల పనీర్‌లో కొవ్వు 20 నుంచి 25 గ్రాములు, అందులో సగానికి పైగా సంతృప్త కొవ్వు. టోఫులో మొత్తం కొవ్వు 9 గ్రాముల లోపు, సంతృప్త కొవ్వు ఒకటిన్నర గ్రాము కూడా దాటదు, కొలెస్ట్రాల్ సున్నా. కేలరీలు పనీర్‌లో ఉన్నవాటిలో దాదాపు సగమే. సోయా ప్రోటీన్‌లో మన శరీరానికి కావలసిన అత్యవసర అమైనో ఆమ్లాలన్నీ సరిపడా ఉంటాయి. శాకాహారంలో ఈ నాణ్యత అరుదు.

కొలెస్ట్రాల్ గురించి అతిగా ఆశపెట్టుకోకండి. రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్ గుండెజబ్బు ముప్పు తగ్గిస్తుందని ప్యాకెట్ల మీద వేసుకోవడానికి అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లో అనుమతిచ్చింది. ఆధారాలు అంత గట్టిగా లేవని 2017లో ఆ అనుమతిని వెనక్కి తీసుకుంటామని అదే సంస్థ ప్రతిపాదించింది. పరిశోధనలన్నీ కలిపి చూస్తే సోయా ప్రోటీన్ వల్ల చెడు కొలెస్ట్రాల్ తగ్గేది 3, 4 శాతం. నాన్నగారికి అసలు లాభం టోఫు తినడంలో కంటే దాని వల్ల పళ్ళెంలోంచి పోయే వెన్న, పనీర్, వేట మాంసంలో ఉంది. మాత్రలు మానేయడానికి ఇది సాకు కాదు.

షుగరుకైతే ఇది నాకు బాగా ఇష్టమైన ఆహారం. కారణం చెబుతాను. మన భోజనంలో ప్రోటీన్ అంటే పప్పు. కప్పు గట్టి పప్పులో ప్రోటీన్ 8 నుంచి 10 గ్రాములు, దాంతోపాటు పిండిపదార్థం 25, 30 గ్రాములు వస్తుంది. దాన్ని కలుపుకోవడానికి మళ్ళీ అన్నం. టోఫు 100 గ్రాముల్లో పిండిపదార్థం 3 గ్రాములు దాటదు. పళ్ళెంలో టోఫు పొరటు పెట్టి అన్నం ఒక గరిటె తగ్గిస్తే తిన్నాక వచ్చే షుగరు రీడింగ్‌లో తేడా కనిపిస్తుంది. అన్నం అంతే తిని, పైన టోఫు కూడా తింటే కనిపించదు. షుగరు మాత్రలో ఇన్సులినో వాడుతుంటే అన్నం తగ్గించే ముందు డాక్టరుకి ఒక మాట చెప్పండి, మోతాదు సర్దాల్సి రావచ్చు.

ఎంత తినాలి? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. వారానికి మూడు నాలుగు రోజులు, మనిషికి 100 గ్రాములు అంటే సరిపోతుంది. రోజూ తిన్నా తప్పులేదు, విసుగొస్తుందంతే.

కాల్షియం మాత్రం ప్యాకెట్‌ని బట్టి మారిపోతుంది. ఇందాక వెనకాల జాబితా చూడమన్నది ఇందుకే. సోయా పాలని కాల్షియం సల్ఫేట్‌తో విరగ్గొడితే ఆ కాల్షియం టోఫులోనే ఉండిపోతుంది. అలాంటి గట్టి టోఫు 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల నుంచి 680 దాకా ఉండొచ్చు. పెద్దవాళ్ళకి రోజుకు కావలసింది 1000. మెగ్నీషియం క్లోరైడ్‌తోనో, నిమ్మరసంతోనో, గ్లూకోనో డెల్టా లాక్టోన్‌తోనో విరగ్గొడితే కాల్షియం బాగా తక్కువ. ప్యాకెట్ మీద పేరు బదులు నంబర్లు ఉంటే ఐఎన్‌ఎస్ 516 అంటే కాల్షియం సల్ఫేట్, 511 అంటే మెగ్నీషియం క్లోరైడ్, 575 అంటే ఆ లాక్టోన్. పాలు పడనివాళ్ళు, నెలసరి ఆగిన ఆడవాళ్ళు 516 ఉన్నదే వెతుక్కోండి.

ఒకటి మర్చిపోకండి. టోఫులో బీ12 విటమిన్ లేదు. పాలు, పెరుగు పూర్తిగా మానేసి టోఫు మీద పడినవాళ్ళు కొందరు కాళ్ళు తిమ్మిర్లని వస్తారు. చూస్తే బీ12 అడుగంటి ఉంటుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో అది ఇంకా తగ్గుతుంది. నాన్నగారు పెరుగు మానక్కర్లేదు, ఏడాదికోసారి బీ12 పరీక్ష చేయించండి.

అమ్మగారి థైరాయిడ్. సోయా థైరాయిడ్ గ్రంథిని పాడుచేస్తుందన్న భయం అయోడిన్ సరిగా అందేవాళ్ళకి అక్కర్లేదు, అయోడైజ్డ్ ఉప్పు వాడుతున్నారు కదా. అసలు ఇబ్బంది మాత్రతో. పొద్దున వేసుకునే థైరాక్సిన్ మాత్ర పేగుల్లోంచి రక్తంలోకి చేరడాన్ని సోయా, కాల్షియం రెండూ అడ్డుకుంటాయి. టోఫులో రెండూ ఉన్నాయి. మాత్ర పరగడుపున వేసుకుని, టోఫుని మధ్యాహ్నానికో రాత్రికో పెట్టుకుంటే సరి. నాలుగు గంటల ఎడం ఉంటే నిశ్చింత. పొద్దున టిఫిన్‌లో మాత్రం వద్దు. వారంలో చాలా రోజులు తినడం మొదలుపెడితే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఒకసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూపించుకోండి.

తమ్ముడి అనుమానం పాతదే. సోయాలో ఐసోఫ్లేవోన్లు ఉంటాయి, అవి ఆకారంలో ఆడవాళ్ళ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ని పోలి ఉంటాయి, కానీ పనిలో చాలా బలహీనం. మగవాళ్ళ మీద జరిగిన ప్రయోగాలని కలిపి 2010లోను, మళ్ళీ 2021లోను విశ్లేషించారు, మగ హార్మోన్ టెస్టోస్టెరోన్‌లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఈ పుకారుకి ఊతమిచ్చిన కేసు ఒకటుంది, 2008లో అమెరికాలో ప్రచురించారు. ఛాతీ పెరిగిందని వచ్చిన ఒకాయన రోజుకు దాదాపు 3 లీటర్ల సోయా పాలు తాగేవాడు. మానేశాక తగ్గింది. మీ తమ్ముడు తినే 150 గ్రాముల టోఫుకీ దానికీ పోలికే లేదు. అతనికి ప్రోటీనే కావాలంటే చవకైంది మీల్ మేకర్. ఎండు మీల్ మేకర్‌లో సగం ప్రోటీనే, 30 గ్రాములు నానబెడితే 15 గ్రాములు వచ్చేస్తుంది. రుచి, మెత్తదనం టోఫుది.

రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు కూడా టోఫు లాంటి సోయా వంటకాలు మితంగా తినొచ్చు. దూరంగా ఉండమనేది సోయా మాత్రలు, పొడుల సప్లిమెంట్లకే. సోయా అలర్జీ ఉన్నవాళ్ళు ముట్టకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఆక్సలేట్ రాళ్ళు పడేవాళ్ళు తమ డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

ప్యాకెట్ విప్పాక మిగిలింది మంచినీళ్ళలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ నీళ్ళు మార్చండి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. జిగురుగా తగిలినా, పుల్లటి వాసన వచ్చినా పారేయండి, కడిగి వాడదామనుకోకండి.

ఇంట్లో చేయొచ్చా అని కూడా అడిగారు. చేయొచ్చు. మన దగ్గర నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు వానాకాలంలో సోయా బాగా వేస్తారు కాబట్టి గింజలు దొరకడం కష్టం కాదు. పావుకిలో సోయా చిక్కుడు గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు రుద్ది తీసేయండి. రుబ్బేటప్పుడు చన్నీళ్ళు పోస్తే పచ్చి చిక్కుడు వాసన పుడుతుంది, గింజలోని ఒక ఎంజైము వల్ల. బాగా కాగిన నీళ్ళు పోసి రుబ్బితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, వాసన చాలావరకు ఉండదు. మిక్సీ జార్ సగానికి మించి నింపకండి, వేడి ఆవిరికి మూత లేచిపోతుంది. మొత్తం రెండు లీటర్ల నీళ్ళు పట్టేలా రుబ్బి పలచటి నూలు గుడ్డలో వడకట్టండి.

పాలు కాచేటప్పుడు జాగ్రత్త. ఇంకా మరగకముందే నురగ గిన్నె అంచుదాకా లేచి పొంగినట్టు కనిపిస్తుంది. అది అసలు పొంగు కాదు, ఉత్త నురగే. మంట తగ్గించి, నురగ తీసేసి, అడుగంటకుండా కలుపుతూ అసలు మరుగు వచ్చాక పది, పదిహేను నిమిషాలు కాచాలి. పచ్చి సోయాలో ప్రోటీన్ అరగకుండా అడ్డుకునే పదార్థాలుంటాయి, అవి ఇలా మరిగితేనే పోతాయి. సరిగా కాగని సోయా పాలతో కడుపులో తిప్పడం, విరేచనాలు ఖాయం.

దించి రెండు మూడు నిమిషాలు ఆగాక, మూడు టేబుల్ స్పూన్ల నిమ్మరసం అరకప్పు నీళ్ళలో కలిపి మూడు దఫాలుగా పోసి, ఒకసారి మెల్లగా తిప్పి వదిలేయండి. గిలకొడితే విరుగు పొడిపొడి అవుతుంది. పావుగంటకి పైన లేత పసుపు తేట తేలాలి. తేట ఇంకా పాలలా తెల్లగా ఉంటే మరో చెంచా రసం. గుడ్డ పరిచిన చిల్లుల గిన్నెలో పోసి, కిలో బరువు పెట్టి అరగంట ఉంచితే 300 గ్రాములకి అటూఇటూగా వస్తుంది. నిమ్మరసంతో చేసినదాంట్లో కాల్షియం తక్కువని ఇందాకే అన్నాను. కాల్షియం సల్ఫేట్ వాడదలిస్తే ఆహారానికి వాడే రకమే కొనండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే జిప్సం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వంటింట్లోకి రానివ్వకండి.

గుడ్డలో మిగిలిన పిప్పి పారేయకండి, అందులో పీచు బోలెడుంది. చపాతీ పిండిలో కలపొచ్చు, శనగపిండి, ఉల్లిపాయ వేసి వడలు తట్టొచ్చు. కాకపోతే ఆ రోజే వాడేయాలి, మన ఎండలకి సాయంత్రానికే పులుస్తుంది.